కోటేశ్వరరావు గారు తయారవుతున్నారు: ఒక నవల డైరీ

సంక్రాంతి తర్వాత, 2025

పల్నాడులో ఒక మిర్చి రైతు కుటుంబం మీద నవల రాస్తున్నాను. కథానాయిక పద్మ. డిగ్రీ అయింది, నాన్న అప్పు తేలేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దని పట్టుపట్టి కూర్చుంది. నాన్న సాంబయ్య కౌలు రైతు, అమ్మ రత్తమ్మ. ఈ ముగ్గురూ నాకు బాగా తెలిసిన మనుషుల్లాగే మసలుతున్నారు. కథ ఆగిపోతున్నది విలన్ దగ్గర. పేరు కోటేశ్వరరావు. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి. వాడు వచ్చిన ప్రతి సీనులో గొంతు పెంచుతున్నాడు. వెనక ఇద్దరు మనుషులు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. అలాంటి మనిషిని నేను సినిమాల్లో చూశాను. పల్నాడు అనగానే బాంబులు, సుమోలు చూపించే సినిమాల్లో.

నేను పుట్టి పెరిగింది నరసరావుపేట దగ్గర పల్లెలో. మా ఇంట్లో భయం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ భయం పుట్టించిన వాళ్ళలో గట్టిగా మాట్లాడిన మనిషి ఒక్కరు కూడా గుర్తురావడం లేదు. అందుకే పాత చిత్తు పక్కన పెట్టి, నాకు ఎదురైన మనుషుల దగ్గరికే వెళ్ళి ఈ పాత్రను మళ్ళీ కట్టాలనుకున్నాను. ఎవరి దగ్గర ఏం తీసుకున్నానో, దాన్ని నవలలో ఎక్కడ పెట్టానో ఈ డైరీలో రాసుకుంటాను.

ఒక హద్దు ముందే గీసుకున్నాను. ఎవరి జీవితాన్నీ తీసుకోను. చేతులు కదిపే తీరు, కూర్చునే పద్ధతి, గుమ్మంలోకి వచ్చే వేళ, మాట ఆపే చోటు, ఇవి తీసుకుంటాను. ఊరు, కులం, కుటుంబం, నిజంగా జరిగిన గొడవ తీసుకోను.

జనవరి చివర

గుర్తొచ్చిన మనుషుల్ని రాసుకున్నాను.

మొదటి మనిషి మా నాన్న కాయలు తీసుకెళ్ళిన కమీషన్ వ్యాపారి. నా చిన్నప్పుడు ఇంటికి వచ్చేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. నులకమంచం మీదే కూర్చుని, నిలబడి ఉన్న మా నాన్న చెయ్యి పట్టుకుని పక్కకు లాగేవాడు. నాన్న కూర్చునేవాడు, కానీ సగమే. పట్టె మీద బరువంతా మోపకుండా, ఎప్పుడైనా లేవడానికి సిద్ధంగా. ఆ సగం కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. కోటేశ్వరరావుకు ఆ చెయ్యి లాగడం ఇచ్చాను. సాంబయ్యకు ఆ సగం కూర్చోవడం ఇచ్చాను.

రెండో మనిషి 2010 నాటివాడు. వారం వారం కిస్తీలు వసూలు చేసే మైక్రోఫైనాన్స్ కంపెనీ మనిషి. మా వీధిలో ఒక ఆమె కిస్తీ తప్పింది. ఆయన పొద్దున్నే వచ్చి, చెప్పులు మెట్ల పక్కన జతగా పెట్టి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. పిల్లాడిని పలకరించాడు, ఏ క్లాసు అని అడిగాడు. అంతే. లేవలేదు. ఆ గ్రూపులో ఎవరు కట్టకపోయినా మిగతావాళ్ళే కట్టాలి కాబట్టి, కాసేపటికి మిగతా ఆడవాళ్ళు వచ్చి ఆమెను తిట్టడం మొదలుపెట్టారు. ఆయన మధ్యలో "పోనీలేమ్మా, ఇబ్బందులుంటాయి" అని సర్దిచెబుతూ కూర్చున్నాడు. అరిచే పని ఆయన చేయలేదు, ఆమె పక్కింటి వాళ్ళ చేతే చేయించాడు. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఇళ్ళకు వెళ్ళి వసూలు చేయడాన్ని ఆపింది, వారం కిస్తీలను నెలవారీ చేసింది. ఆ అరుగు మీద కూర్చున్న మనిషి మాత్రం నా మనసులోంచి లేవలేదు. చెప్పులు జతగా విడిచే ఆ మర్యాద కోటేశ్వరరావుకు వచ్చింది.

మూడో మనిషి నేను ఒకప్పుడు పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీ యజమాని. లెక్చరర్లందరి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉండేవి. వేరే ఉద్యోగం వచ్చిందని అడగడానికి వెళ్తే బీరువా తలుపు తీసేవాడు, ఫైలు చూపించేవాడు, దాని మీద చేత్తో తట్టి మళ్ళీ తలుపు వేసేవాడు. "మీవి ఎక్కడికీ పోవమ్మా, నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అనేవాడు. ఆ మాట విన్నప్పుడు ఒళ్ళంతా చల్లబడేది. ఇంతకన్నా పెద్ద బెదిరింపు నేను వినలేదు. ప్రామిసరీ నోట్ల గురించి కోటేశ్వరరావు అనే ప్రతి మాటా ఇక ఈ పద్ధతిలోనే ఉండాలని రాసుకున్నాను.

ఫిబ్రవరి

అన్నయ్య కాయలు తీసుకెళ్తుంటే గుంటూరు మిర్చి యార్డుకు వెంట వెళ్ళాను. గేటు దగ్గరి నుంచే దగ్గు మొదలవుతుంది. కొత్తవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు, హమాలీలు మామూలుగానే తిరుగుతారు. కళ్ళు ఆనినంత మేర టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాట. తేజ, బాడిగ, 341, 334... రకాల పేర్లు వింటూ నడిచాను. ఈ ఏడు వాటి పక్కన వినిపిస్తున్న ధరలు మాత్రం వినలేకపోయాను. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన తేజ ఇప్పుడు 11, 12 వేల దగ్గర ఆగిపోయింది. పోయినేడు ఏసీలో పెట్టిన సరుకు ఇంకా అలాగే ఉంది. కోల్డ్ స్టోరేజీని మావాళ్ళంతా ఏసీ అనే అంటారు. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని మద్దతు ప్రకటించింది కూడా ఈ నెలలోనే. కౌలుతో కలిపి ఎకరానికి పెట్టుబడి రెండు లక్షలు దాటిందని ప్రతి రైతూ అంటున్నాడు. ఆ ధరకు ఏం మిగులుతుందో లెక్క వేసుకోవడానికి కాగితం అక్కర్లేదు.

ఒక దుకాణం ముందు నిలబడి చూశాను. వ్యాపారి టిక్కీ మూతి విప్పించి లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు. పిడికిలి బిగించి వదిలాడు. ఎండిన కాయ వెంటనే విచ్చుకుంటుంది, తేమ ఉన్నది ముడుచుకునే ఉంటుంది. ఒక కాయ విరిచి గింజ చూశాడు. తాలు ఎంత ఉందో కంటితోనే అంచనా వేశాడు. ధర చెప్పలేదు. రైతు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన మాత్రం రైతు భుజం మీది కండువా కొస పట్టుకుని, మాట్లాడుతూనే చెయ్యి తుడుచుకున్నాడు. వేళ్ళ సందులు కూడా. తర్వాత ఆ కొసను మళ్ళీ రైతు భుజం మీదే సర్దాడు.

రైతుకు అది తప్పనిపించలేదు. నవ్వాడు కూడా. దగ్గరి మనిషి కాబట్టి అలా చేశాడనుకున్నాడేమో. నాకు ఆ పూట ఇంకేమీ కనిపించలేదు. కోటేశ్వరరావు ఎలాంటివాడో చెప్పడానికి అరపేజీ అవసరం లేదని, ఆ కండువా చాలని తెలిసింది. ఆ వ్యాపారి ఎవరో నాకు తెలియదు, తెలుసుకోలేదు. ఆయన మంచివాడే కావచ్చు. నాకు ఆయన చెయ్యి మాత్రమే కావాలి.

పాత చిత్తులో గొంతు పెంచిన సీన్లన్నీ ఆ రాత్రే తీసేశాను. వెనక నిలబడే ఇద్దరు మనుషుల్ని కూడా.

శివరాత్రి

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళాను. పాత్రకు కోటేశ్వరరావు అని పేరు పెట్టడానికి కారణం ఈ కొండే. త్రికోటేశ్వరుడి పేరు మా చుట్టుపక్కల ఇంటికొకటి ఉంటుంది. కోటయ్య, కోటేశ్వరమ్మ, కోటిరెడ్డి, కోటేశ్వరరావు. ఇంత మందికి ఉన్న పేరైతే ఫలానావాడి గురించే రాసిందని ఎవరూ అనలేరు. ఇంటిపేరు పెట్టలేదు. ఇక్కడ ఇంటిపేరు చెబితే కులం చెప్పినట్టే. పాఠకులు మనిషిని వదిలేసి కులాన్ని పట్టుకుంటారు.

ఊరూరి నుంచి ప్రభలు వచ్చాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు, ఒళ్ళంతా కరెంటు దీపాలు. ఒక ప్రభ కింద చందా ఇచ్చిన పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఊరి కుర్రాళ్ళు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకోబోతే వద్దని వారించి, తాడు పట్టుకుని వాళ్ళతో కలిసి లాగాడు. చొక్కా తడిసిపోయింది. ముఖంలో నిజమైన భక్తి ఉంది. ఆయన ఎవరికి అప్పు ఇచ్చాడో, ఎవరి దగ్గర ఏం రాయించుకున్నాడో నాకు తెలియదు. కానీ నా కోటేశ్వరరావు కూడా ఇలాగే తాడు లాగాలని అనుకున్నాను. ఆయన భక్తి నటన అని రాస్తే పాత్ర అక్కడితో పలచబడిపోతుంది. ఏటా ప్రభకు లక్ష ఇచ్చే మనిషి, నిజంగా దేవుణ్ణి నమ్మే మనిషి, సాంబయ్య దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ తీసుకునే మనిషి, ముగ్గురూ ఒక్కరే. వాళ్ళను విడదీయకుండా రాయాలి.

మార్చి

ఈ నెలంతా నోటు సీను మీదే ఉన్నాను. నేను ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్తాను కాబట్టి, కథ మొత్తాన్ని నడిపే యంత్రం ఇక్కడ ఉందని తెలుసు. దాన్ని సరిగ్గా బిగించాలి.

సాంబయ్య కౌలు రైతు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టడు. కార్డు లేకపోతే బ్యాంకు గడప ఎక్కలేడు. 2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చింది. పూత పూతగానే రాలిపోయింది, చాలామంది తోటలు పీకేశారు. సాంబయ్య కూడా పీకేశాడు. మళ్ళీ నిలబడడానికి కోటేశ్వరరావు దగ్గర మూడు లక్షలు తీసుకుని ప్రామిసరీ నోటు రాశాడు.

తేదీ ఏది పెట్టాలన్నది పెద్ద పనే అయింది. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసే నోటుకు, రాసిన రోజు నుంచి మూడేళ్ళే గడువు. ఆ లోపు కోర్టుకు వెళ్ళకపోతే నోటు చచ్చిపోయినట్టే. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి సుప్రీంకోర్టు మినహాయించింది. నోటు జనవరిలో రాసినట్టు పెడితే చట్టం తెలిసిన పాఠకులు అక్కడే ఆగిపోతారు. అందుకే 2022 మార్చి రెండో వారంలో పెట్టాను. అంటే 2025 మార్చికి గడువు ముగుస్తుంది. శివరాత్రి అయిన కొద్ది రోజులకు. మిర్చి ధర నేలకు దిగిన నెలకు. ఇవన్నీ ఒక్కచోట కలిసినప్పుడు నాకు చాలా ఆనందమైంది. సాంబయ్య గురించి తలుచుకుంటే అంత దిగులూ వేసింది.

గడువు పెంచడానికి ఒక దారి ఉంది. అప్పు తీసుకున్నవాడు కొంత డబ్బు కట్టి, కట్టినట్టు నోటు వెనక రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. దీన్నే చెల్లు వేయడం అంటారు. ఎంత కట్టాడన్నది ముఖ్యం కాదు. వెయ్యి రూపాయలైనా చాలు.

ఇక్కడే కోటేశ్వరరావు నాకు పూర్తిగా కనిపించాడు. చిత్తు ఇలా ఉంది:

కోటేశ్వరరావు చెప్పులు మెట్ల పక్కన జతగా విడిచి లోపలికొచ్చాడు. చేతిలో కొండ ప్రసాదం. "పిన్నీ, ముందు ఇది దేవుడి దగ్గర పెట్టు" అన్నాడు రత్తమ్మతో. మంచం మీద కూర్చుని సాంబయ్య చెయ్యి పట్టుకుని లాగాడు.

"ఏంది బాబాయ్, అలా అయిపోయావు? ధర ఇయ్యాళ లేకపోతే రేపొస్తది. నేను లేనా?"

"ఏం కట్టలేకపోతన్నా అయ్యా."

"కట్టమని ఎవరన్నారు? చిన్న చెల్లు ఒకటి వేస్తే నోటు బతికుంటది. లేకపోతే నేను కోర్టు మెట్లెక్కాలి. నువ్వూ నేనూ కోర్టుకెక్కే మనుషులమా?"

సాంబయ్య జేబు తడుముకున్నాడు. కోటేశ్వరరావు తన చొక్కా జేబులోంచి రెండు ఐదొందల కాగితాలు తీసి సాంబయ్య అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచాడు. "ఇవి నీకు. ఇప్పుడు నాకియ్యి."

సాంబయ్య ఇచ్చాడు. కోటేశ్వరరావు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఈ సీను రాశాక చాలాసేపు లేవలేకపోయాను. ఆ వెయ్యి ఆయనదే, మళ్ళీ ఆయన జేబులోకే పోయింది. మధ్యలో సాంబయ్యకు మూడేళ్ళు పోయాయి. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. రత్తమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి కుదిరింది. "బాబాయ్" అని పిలిచే ఆయన, నోటు వెనక ఏం రాయాలో చెప్పేటప్పుడు మాత్రం "సాంబయ్య అను నేను" అని మొదలుపెట్టి రాయిస్తాడు. వరస ఆగిపోతుంది. రాయడం అవగానే మళ్ళీ బాబాయ్.

ఏప్రిల్

అమ్మకు ఆ సీను చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు, కానీ ఇలాంటి నోట్లు చాలా చూసింది. ఆమె బాధపడుతుందనుకున్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయన అంత చెడ్డోడేం కాదే" అంది. మా నాన్న కాయలు తీసుకెళ్ళిన వ్యాపారి గురించి అంటోంది. నేను పేరు చెప్పలేదు, మంచం మీద చెయ్యి లాగడంతోనే పోల్చుకుంది.

"నీ ఇంటర్ ఫీజు ఎవరు కట్టారనుకున్నావు? మీ నాన్న కట్టాడనుకున్నావా?"

"వడ్డీకేగా అమ్మా ఇచ్చింది."

"వడ్డీకే ఇచ్చాడు. ఇచ్చాడు గదా? మీ మేనమామ ఇచ్చాడా? బ్యాంకోళ్ళు ఇచ్చారా? నాకు ఆపరేషన్ అన్నప్పుడు రాత్రిపూట కారు పంపింది ఎవరు?"

నేను వాదించలేదు. వాదించడానికి నా దగ్గర లెక్కలున్నాయి. నాన్న కట్టిన వడ్డీ అసలుకు ఎన్ని రెట్లో చెప్పగలను. కానీ అమ్మ చెప్పేది లెక్క గురించి కాదు. ఆ రాత్రి పిలిస్తే పలికినవాడు ఆయనొక్కడే. అది అబద్ధం కాదు. ఈ నవలలో నేను చెప్పాలనుకున్నది ఇదేనని అప్పుడు స్పష్టమైంది. కోటేశ్వరరావు బలం ఆయన డబ్బులో లేదు, నోటులో కూడా లేదు. ఆ ఇంటికి ఇంకెవరూ రాకపోవడంలో ఉంది. బ్యాంకు రాదు, చుట్టాలు రారు, ప్రభుత్వం రాదు. ఖాళీగా ఉన్న ఆ గుమ్మంలోకి ఆయన వస్తాడు, ప్రసాదంతో వస్తాడు. ఆయన్ని ద్వేషించమని పాఠకులకు చెప్పడం తేలిక. రత్తమ్మ ఆయన్ని ఎందుకు ద్వేషించలేకపోయిందో చూపించడమే నా పని.

ఆ మాటలు కొద్దిగా మార్చి రత్తమ్మకు ఇచ్చాను. పద్మకూ రత్తమ్మకూ మధ్య జరిగే పెద్ద గొడవ ఇప్పుడు ఆ మాటల మీదే నడుస్తుంది. అమ్మను అడిగే పెట్టాను. "నా పేరు రాయమాక, మాట రాసుకో" అంది.

ఈ పనిలో ఉండగా పల్నాటి నాగమ్మ గుర్తొచ్చింది. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అక్కడ పాడే కథలో వీరులు బ్రహ్మనాయుడి వైపు వాళ్ళు, కుట్ర చేసిన మంత్రి నాగమ్మ. కోడిపందెంలో మోసం చేసిందంటారు. చిన్నప్పుడు ఆమెను తిట్టుకుంటూ విన్నాను. ఇప్పుడు చాలామంది ఆమెను రాజ్యం నడిపిన గట్టి మంత్రిగా చెప్పుకుంటున్నారు. ఆమె వైపు నుంచి ఎవరైనా పాడి ఉంటే కథ ఎలా ఉండేది? కోటేశ్వరరావు వైపు నుంచి కూడా ఒకసారి వినాలనిపించింది.

మే

ఎండలకు యార్డుకు సెలవులు. నాకూ కాలేజీ లేదు. కోటేశ్వరరావు చేత ఆయన కథ ఆయన్నే చెప్పించాను. నవలలో ఇది రాదు, నా కోసమే.

"నేను ఎవరినీ రమ్మనలేదు. సాంబయ్య వచ్చాడు. నా దగ్గరున్నదంతా నా డబ్బేనా? ఎగుమతి వాళ్ళు సరుకు తీసుకెళ్ళి నెలల తరబడి డబ్బులియ్యరు. నేను బ్యాంకులో కడతన్నా. సాంబయ్య దగ్గర తీసుకునే రెండు రూపాయల్లో నాకు మిగిలేది ఎంత? 2023లో కాయ మంచి ధర పలికింది. పెద్దమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాడు. నా డబ్బు కట్టు అన్నానా? పెళ్ళి ముందు చెయ్యి, నాకేం తొందర అన్నా. మరుసటేడు ఏసీలో పెట్టు, ఇంకా పెరుగుద్ది అని చెప్పా. నేనూ పెట్టా. నాదీ పోయింది. నా పోయినదాన్ని ఎవరు అడిగారు?"

రాస్తుంటే ఆయన మాటలు ఆగలేదు. ఇందులో అబద్ధం లేదు. ఏసీలో పెట్టమన్న సలహా మోసం అని రాయాలా, నిజంగా నమ్మి చెప్పాడని రాయాలా అని చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. నమ్మి చెప్పాడనే రాశాను. ఇద్దరూ నష్టపోయారు. తేడా ఏమిటంటే, కోటేశ్వరరావు తన నష్టాన్ని పట్టీలో, అంటే కాయలు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలో, కోతలుగా, తరుగుగా, వడ్డీగా పది మంది సాంబయ్యల మీదికి దించగలడు. సాంబయ్యకు తన నష్టాన్ని దించడానికి ఎవరూ లేరు. ఆఖరుకు పద్మ మీదికి దిగుతుంది. విలన్ చేసే చెడు అంతా ఈ దించడంలోనే ఉంది. ఆయన ఎప్పుడూ చెడు చేద్దామని కూర్చోలేదు.

"ఎవరు అడిగారు" అన్న మాట మాత్రం నవలలోకి తీసుకున్నాను. చివరి సీన్లలో ఒకచోట పద్మతో అంటాడు.

జూన్

లాయరుగా ఉన్న ఒక స్నేహితురాలికి చిత్తు చూపించాను. నిజమైన మనుషుల నుంచి పాత్రలు తీసేటప్పుడు ఈ పని తప్పకుండా చేయాలి. పరువు నష్టం గురించి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు ఐపీసీ 499, 500. చనిపోయిన వాళ్ళ గురించి రాస్తే ఏం కాదులే అనుకుంటాం. అది నిజం కాదు. కుటుంబాన్ని నొప్పించాలన్న ఉద్దేశంతో చనిపోయిన మనిషి పరువు తీసేలా రాసినా ఆ సెక్షన్ కిందికి వస్తుంది. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. చుట్టుపక్కల వాళ్ళు చదివి "ఇది ఫలానా ఆయనే" అనుకునేలా ఉంటే పేరు మార్చి లాభం లేదు.

మా అమ్మ చెయ్యి లాగడంతోనే పోల్చుకున్న సంగతి ఆమెకు చెప్పాను. అమ్మ ఇంట్లో మనిషి కాబట్టి పోల్చుకుంది, ఊళ్ళో వాళ్ళు పోల్చుకోకుండా చూడు అంది. రెండు మూడు వివరాలు మార్చాను. ఏం మార్చానో ఇక్కడ రాయను. రాస్తే మార్చి ప్రయోజనం లేదు.

చట్టం కన్నా నన్ను ఎక్కువ పట్టి ఉంచింది వేరే విషయం. ఆ వ్యాపారి పిల్లలు ఎక్కడో ఉంటారు. వాళ్ళ నాన్న వాళ్ళకు మంచి నాన్నే అయి ఉంటాడు. నా కోపం నిజమైనదే, కానీ దాన్ని తీర్చుకోవడానికి నవలను వాడుకుంటే అది పగ అవుతుంది, పాత్ర అవదు. పగతో రాసిన పేజీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. వాటిలో విలన్ ఒక్కడికే అన్నీ చెప్పిస్తాం, మిగతావాళ్ళంతా వింటూ నిలబడతారు. ఐదుగురి దగ్గర ఐదు ముక్కలు తీసుకోవడం వల్ల నాకు దొరికిన పెద్ద లాభం ఇదే. కోటేశ్వరరావు ఇప్పుడు ఎవరి మీదా కోపం కాదు. ఆయన ఆయనే.

జూలై

చిత్తు మొత్తంలో "వాడు" తీసేసి "ఆయన" పెట్టాను. కథ చెప్పేది పద్మ వైపు నుంచే అయినా ఆయన్ని "ఆయన" అనే అంటుంది. ఒక్క చోట తప్ప. ఆ చోటు చివర్లో వస్తుంది. దానితో చాలా వాక్యాలు మళ్ళీ రాయాల్సి వచ్చింది. "వాడు" అని తిట్టేసినట్టు రాసుకుపోయిన చోటల్లా ఆయన ఏం చేశాడో వివరంగా చూపించాల్సి వచ్చింది. పేజీలు పెరిగాయి, నిజం కూడా పెరిగింది.

అన్నయ్య చదివాడు. నోటు గురించి ఏమీ అనలేదు. కండువాకు చెయ్యి తుడుచుకునే చోట ఆగి, "నాకూ తుడిచారు" అన్నాడు. తర్వాత ఒక ముఖ్యమైన సంగతి చెప్పాడు. యార్డులో మచ్చు కోసం తీసిన కాయలు తిరిగి టిక్కీలోకి రావు, పక్కన కుప్పలో పడతాయి. సాయంత్రానికి ఆ కుప్ప ఎంత అవుతుందో ఎవరూ అడగరు. ఇది నా సీనులో లేదు. ఇప్పుడు పెట్టాను. సాంబయ్య మాట్లాడుతూనే ఆ కుప్ప వైపు ఒకసారి చూస్తాడు, అంతే.

ఇంకో పని కూడా అయింది. కోటేశ్వరరావు పురుగుమందుల షాపు సీను కొట్టేశాను. బావమరిది పేరు మీద షాపు, అక్కడ ఖాతా, పంట వచ్చాక కోత. నిజంగా జరిగేదే, అందరికీ తెలిసిందే. కానీ ఆ సీనులో కోటేశ్వరరావు కొత్తగా ఏమీ చెప్పడం లేదు. సమాచారం కోసం ఆయన్ని నిలబెట్టినట్టు ఉంది. సమాచారం వేరేచోట రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

ఆగస్టు

మిగిలింది పద్మ, కోటేశ్వరరావు ఎదురుబొదురుగా కూర్చునే సీను. పద్మ దుకాణానికి వెళ్ళి నాన్న నోట్లు చూపించమంటుంది. ఒకటి మూడు లక్షలది. ఇంకోటి సాంబయ్య సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ నోటు. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ చెబుతుంది. పద్మకు ఆ ఖాళీ నోటు సంగతి అక్కడే తెలుస్తుంది.

ఆమె లెక్క కట్టుకుని వెళ్తుంది. మూడు లక్షలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు ఆరు వేలు, మూడేళ్ళకు 2 లక్షల 16 వేలు. అందులో నాన్న ఏ నెలలో ఎంత కట్టాడో, పట్టీల్లో ఎంత కోసుకున్నారో ఆమె దగ్గర కాగితాలున్నాయి. కోటేశ్వరరావు ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చూస్తాడు. కూడిక బాగా చేశావని మెచ్చుకుంటాడు. మజ్జిగ తెప్పిస్తాడు. తర్వాత బీరువా తీస్తాడు.

అక్కడిదాకా నాకు కనిపిస్తోంది. పద్మ ఆయన్ని "వాడు" అని మనసులో అనుకునే ఒకే ఒక్క చోటు బీరువా తలుపు మూసిన క్షణంలో రావాలా, ఆయన "నీ నాన్న నా మనిషి అమ్మా" అన్నప్పుడు రావాలా అన్నది తేల్చుకోవాలి. రెండు రకాలుగానూ రాసి చూస్తాను. అంతకు ముందు సాంబయ్య మూడేళ్ళ పట్టీలు ఒక్కొక్కటే తయారు చేసుకోవాలి. టిక్కీలు, తూకం, తరుగు, ధర, కోత, నికరం, అన్నీ అంకెలతో. పద్మ చేతిలో ఉన్న కాగితాలు నా బల్ల మీద కూడా ఉంటేనే ఆమె ఏ గీత దగ్గర వేలు పెడుతుందో నాకు తెలుస్తుంది.